కాత్యాయని అడిగిన చేప

కీమో మొదలైనప్పటి నుంచి కాత్యాయనికి ఏం పెట్టినా ఇమడడం లేదు. జావ గిన్నె పట్టుకుని బతిమాలీ బతిమాలీ భర్త భానుప్రసాద్ అలసిపోయాడు. ఒకరోజు ఆమే అంది: “ఐస్‌లో పెట్టింది కాదండీ, అప్పుడే పట్టిన చేప పులుసైతే తింటానేమో.”

భానుప్రసాద్ రాజమండ్రి వదిలి ఆస్ట్రేలియా వచ్చాక గాలం ముట్టని మనిషి. స్నేహితుడు ఉపేంద్ర దగ్గర గాలం రాడ్ తీసుకుని, సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లోని ఇంటి నుంచి మడ్జీ ఊరి దగ్గరి డ్యామ్‌కి కారులో బయల్దేరాడు. అక్టోబరంటే ఇక్కడ వసంతం కదా, గోల్డెన్ పెర్చ్ చేపలు గుడ్లు పెట్టే కాలం, ఈజీగా పడతాయన్నాడు ఉపేంద్ర.

పడలేదు. లోతు నీళ్ళలోకి విసిరి విసిరి మధ్యాహ్నానికి భుజం పీకేసింది. ఉపేంద్రకి ఫోన్ చేశాడు.

“ఒక్కటీ లేదురా. ఉత్త చేతులతో దాని మొహం ఎలా చూడను?”

“లోతులో ఎందుకురా! ఎండకి ఒడ్డు నీళ్ళే ముందు వెచ్చబడతాయి, చేపలు అక్కడికే చేరతాయి. మునిగిన చెట్ల దగ్గర, మోకాలి లోతులో చూడు.”

అక్కడ మొదటి చేప గాలానికి తగిలి, కొమ్మలకు చుట్టుకుని దారం తెంపుకుపోయింది. భానుప్రసాద్ నీళ్ళలోనే నిలబడి బావురుమన్నాడు. మళ్ళీ గాలం కట్టాడు. రెండోది తగలగానే రాడ్ వదిలేసి, నీళ్ళలో పడి, చేపను రెండు చేతులా గుండెకు అదుముకున్నాడు.

పులుసు తనే పెట్టాడు. కాత్యాయని రెండు ముద్దలు తిని కంచం జరిపేసింది.

“బాలేదా?” అన్నాడు.

“బాగుంది. మిగతాది ఉంచండి. రేపటికి ఊరి ఇంకా బాగుంటుంది.”

ఆ రెండు ముద్దలూ ఇమిడాయి.