కర్రపెండలం చేను కాపలా

తెల్లారి ఐదున్నరకి ట్రక్కు దిగాం. కాంగో తూర్పు కొండలు. సన్నటి వాన. చీలమండలు మునిగే ఎర్రబురద. శాంతి దళం వాళ్లం కాబట్టి నెత్తిన నీలం హెల్మెట్. ఒంటిమీద పది కిలోల కవచం, భుజాన రైఫిల్. ఆర్డరు ఒకటే: కింద ఊరి ఆడవాళ్లు ఆరింటికి పొలానికి వెళతారు, పదకొండింటికి తిరిగొస్తారు. వాళ్లకి కాపలా. అడవిలో ఉన్న ఉగ్రవాద ముఠా ఆ చేలల్లో పంట దోచుకుని, అడ్డొచ్చినవాళ్లని నరికింది.

రెండు నెలలు ఒక్క తూటా పేలలేదు. మూతపడ్డ సంత మళ్లీ మొదలైంది. మేం రావడం మంచిదే అయిందనుకున్నాను.

మా రేడియో ఆపరేటర్‌ది పద్మనాభం ఊరు, నాది సబ్బవరం. ఒకరోజు గస్తీలో అడవి అంచున కర్రపెండలం తవ్వుతున్న రైతు కనిపించాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. ముఠా ఏ దారిన వస్తోందో అడగమని మాతో వచ్చిన దుబాసీకి చెప్పాను. ఆపరేటర్ నా మోచెయ్యి లాగాడు.

"అందరి ముందరా అడక్కు బావా. మనం ఎల్లిపోతాం. ఆడిక్కడే ఉండాల."

"ఒక్క మాటే కదేటి," అన్నాను.

రైతు పార ఆపాడు. గడ్డం ఎత్తి ఉత్తరపు కాలిబాట చూపించాడు.

మధ్యాహ్నానికి ఆ బాట పక్కన ఆయుధాలు దొరికాయి. "శభాష్, ఓవర్," అన్నారు రేడియోలో కంపెనీ కమాండర్. నాలుగో రోజు పొద్దున ఆ రైతు శవం దొరికింది. అడిగింది నేనేనని కమాండర్‌కి చెప్పాను. "నీ డ్యూటీ నువ్వు చేశావు," అన్నారు.

పదింటికి అతని భార్య మా క్యాంపు గేటు దగ్గరికొచ్చింది. ఏడవలేదు. ఆమె మాట దుబాసీ చెప్పాడు.

"మీరు రాకపోయుంటే నా మనిషి బతికుండేవాడు."

"మమ్మల్ని వెళ్లిపొమ్మంటోందేమో అడుగు," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"వెళ్లిపోతే రేపు పొలానికి మాతో ఎవరొస్తారు?"

బంకర్లో ఆపరేటర్ "ముందే చెప్పాను" అనలేదు. టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "తాగు బావా," అన్నాడు.

ఏడాది తిరిగాక సర్వీసు ముగిసి దువ్వాడలో రైలు దిగాను. ఇప్పుడు పోర్టులో గేటు డ్యూటీ. షిఫ్టు మారేటప్పుడు ఒక క్రేన్ డ్రైవర్ అడుగుతుంటాడు.

"పరాయి దేశం మిలట్రీ ఎల్తే టెర్రరిస్టులు తగ్గుతారా, పెరుగుతారా? సెప్పు బావా."

"ఏటని సెప్పమంటావు? మేం ఉన్నామని పొలాలు పండేయి. మేం ఉన్నామనే ఓ మనిషి పోనాడు."

అది జవాబు కాదంటాడు. నాకూ అలాగే అనిపిస్తుంది. కుర్చీ ఇచ్చారు గానీ కూర్చోలేను. గేటు ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూనే ఉంటాను.

కళ్లముందు నుంచి పోనిది ఆ రైతు భార్య వచ్చివెళ్లిన మర్నాటి పొద్దు. ఆరింటికి ఆడవాళ్లందరి వెనకా ఆమె వచ్చింది. మొగుడి చొక్కా తొడుక్కుంది, భుజాన పార. నేను పది అడుగుల దూరంలో నడుస్తున్నాను. ఊరు దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగి, నేను వస్తున్నానో లేదో చూసుకుంది.