పచ్చికుండల పచ్చడి

యాపపువ్వు వాసనొస్తే సాలు, ఇప్పటికీ నాకు పండ్లు పటపట కొరకబుద్ధయితది. ఇయ్యాల ఉగాది, కొత్త కుండల పచ్చడి కలుపుతున్న. నిన్ననే మా మనుమరాలు ఫోను పట్టుకొని ఉరికొచ్చి “అమ్మమ్మా, బి.ఎ. పాసైనవ్!” అని అరిసింది. మా వంశంల డిగ్రీ సదివిన మొదటి మనిషిని నేనే, గీ ముసలితనంల! సూర్యాపేట బస్టాండుల నిలబడి అందర్నీ ఆపి సెప్పాలనిపిస్తుంది. అయినా చిన్నప్పటి ఒక ఉగాది నాటి కోపం ఇంకా సల్లారలే.

నిజాం రాజ్యం ఇంకా పోని రోజులు. చివ్వెంల దిక్కు మా ఊర్ల మా నాయిన కుమ్మరి. ఉగాది దగ్గరికొస్తే వాకిలంత తొక్కిన చెరువుమట్టి వాసన, ఇల్లంత కుండలు కాల్చే ఆవం పొగ. అమ్మ కొత్త చింతపండు నానేస్తుంటే, బెల్లం దంచుతుంటే, నేను మామిడి ముక్కలకు ఉప్పద్దుకొని తినుకుంట తిరిగేదాన్ని. ఆ యేడు నాయిన నాకోసమని ఓ చిన్న కుండ చేసి, దాని మెడ సుట్టు నా బొటనేలుతోటి గుర్తులు నొక్కిచ్చిండు. మనింటి పచ్చడి దీంట్లనే అన్నడు.

పండుగ పొద్దుగాల దొరుండే గడి నుంచి పెద్దజీతగాడు బండి తోలుకొచ్చిండు. దొర గడికి కుండలు ఉత్తగనే ఇయ్యాలె, అది వెట్టి. కాల్చిన కుండలన్నీ బండికెక్కినయి, ఆఖరికి నా సేతులల్ల ఉన్న నా చిన్న కుండ కూడ గుంజుకున్నడు.

“అయ్యా, అదొక్కటి ఇడ్సుండ్రి, పిల్లకు మాటిచ్చిన,” అన్నడు నాయిన, తలపాగ సంకల పెట్టుకొని.

“దొర బిడ్డ బొమ్మలాటకు మంచిగుంటది. నీ పిల్లకు పాత కుండల పోస్తే పండుగ రానంటదా?”

నేను నేలమీద పడి పొర్లి ఏడ్సిన. అమ్మ నీడకు ఆరబెట్టిన కుండలల్ల ఒకటి, ఆవం మొకం సూడని పచ్చికుండ, తెచ్చి నా ముంగటేసి పచ్చడంత దాంట్ల వొంపింది.

“తాగే బిడ్డా, జల్ది తాగు, కరిగిపోతది. ఇదైతే ఎవ్వడు ఎత్తుకపోడు.”

మట్టి కరుగుతనే ఉన్నది. తీపి, పులుపు, చేదు, అన్నిట్లా మట్టే. ఆఖరి గుక్కకు కుండ నా సేతులల్లనే కూలింది.

ఇప్పుడు ఆవం లేదు, కుండలు చేసే సారె లేదు, అమ్మానాయినలు లేరు. గడి గోడలు మాత్రం మిగిలినయి. నా పాసు సంబురానికి గాడ ఫోటోలు దిగుదమంటున్నరు మా పిల్లలు. “ఎంత గొప్ప కట్టడమో” అంట! నేను రానన్న. పచ్చడి గిలాసల పోసుకొని తాగిన. అంగట్ల కొన్న కుండ, మంచిగ కాలింది, సుక్క కూడ కారలే. నాకే పంటికింద ఇంకా మట్టి కరకరమంటుంది.