రూతమ్మగారు పెట్టించిన ఫైలు

మొన్న చీరాల మీదుగా ఒంగోలు వెళ్తుండగా వేటపాలెం దగ్గర బస్సు కిటికీలోంచి జీడిగింజలు కాలుస్తున్న ఘాటు పొగ లోపలికి వచ్చింది. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఇదే దారిలో, రూతమ్మగారి పక్కన తలదించుకుని కూర్చుని వెళ్లిన ఒక ఉదయం గుర్తొచ్చింది.

రూతమ్మగారు చాలా ఏళ్లు మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. యాభై దాటాక కంప్యూటర్లు నేర్చుకుని, చిలకలూరిపేటలో హైవే పక్కన, పత్తి జిన్నింగు మిల్లులకు బేరింగులు అమ్మే షాపు పైన చిన్న ఆఫీసు తెరిచారు. వెబ్‌సైట్లలో దొంగలు దూరగల సందులు ఎక్కడున్నాయో వెతికి యజమానికి చెప్పడం మా పని. ఆ వెతకడాన్నే స్కాన్ అంటాం. డిగ్రీ అయ్యాక నేను చేరిన మొదటి ఉద్యోగం అది. కింద లారీల హోరు, గాల్లో తేలివచ్చి కీబోర్డుల మీద వాలే దూది. ఆమె తెల్లటి నేత చీరలో, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, మా వెనక నిలబడి చూసేవారు.

మొదటి రోజే ఒక నియమం చెప్పారు. స్కాన్ చెయ్యమని ఎవరడిగినా, మేము ఒక కోడ్ రాసిన చిన్న ఫైలు పంపాలి. వాళ్లు దాన్ని తమ సైట్లో పెట్టాలి. అది అక్కడ కనబడ్డాకే పని మొదలు.

"ఎందుకండీ? సైటు తనదేనని అడిగినవాడే చెబుతున్నాడుగా," అన్నాను.

"చెప్పడం ఎవరైనా చెబుతారమ్మా. తాళంచెవి ఉన్నవాడే లోపలికెళ్లి ఫైలు పెట్టగలడు. పెట్టమను, చూద్దాం."

నాకది టీచరుగారి చాదస్తంలా తోచింది.

ఆమె చర్చి పనిమీద ఒంగోలు వెళ్లిన ఒకరోజు, వేటపాలెం జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఫోన్ చేశాడు. అంతకుముందు రెండుసార్లు మా ఆఫీసుకు వచ్చి, అందరికీ పప్పు పొట్లాలు పంచి వెళ్లిన మనిషి.

"మా సైటుకి సాయంత్రానికల్లా రిపోర్టు కావాలమ్మా. బయటి దేశం పార్టీ అడుగుతున్నాడు. ఫైలూ గీలూ అంటే, కంప్యూటరు చూసే మనిషి ఊళ్లో లేడు. నేనెవరో నీకు తెలీదా?"

"అయ్యో, తెలీకేమండీ," అన్నాను. స్కాన్ నడిపి, ఆ సైట్లో ఎక్కడెక్కడ సందులున్నాయో వరసగా రాసి సాయంత్రానికి పంపేశాను.

మర్నాడు ఉదయం ఆ వ్యాపారి అన్నగారు ఫోన్ చేశారు. సైటు ఆయనది. అన్నదమ్ములు ఏడాది క్రితమే విడిపోయారట, మాటల్లేవు. నా స్కాన్ దెబ్బకు ఆయన ఆర్డర్ల పేజీ ముందురోజంతా ఆగిపోయింది. చేసింది మా ఆఫీసు కంప్యూటరేనని వాళ్ల మనిషి కనిపెట్టాడు. అంతకన్నా ఘోరం, ఆ సైట్లోకి ఎలా దూరవచ్చో తమ్ముడి చేతికి అందించింది నేను.

రూతమ్మగారు అంతా విని, "పద, బస్సు పట్టుకుందాం," అన్నారు. దారంతా నేను పంపిన రిపోర్టే చదువుతూ కూర్చున్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

అన్నగారు మమ్మల్ని కూర్చోమనలేదు. "మా ఆఫీసు తప్పు చేసిందండి," అని రూతమ్మగారు మొదలుపెట్టారు. నా పేరు ఎత్తలేదు. ఎత్తరని కూడా అర్థమైంది. కానీ ఆ వయసులో ఆవిడ అలా నిలబడి మాటలు పడుతుంటే ఉండలేకపోయాను.

"నేనే చేశానండి. మేడమ్‌గారు ఊళ్లో లేరు. అడగాల్సింది అడగలేదు."

"పోలీసు కంప్లయింట్ ఇస్తాను," అన్నారాయన.

"ఇవ్వండి, ఆ హక్కు మీకుంది," అన్నారు రూతమ్మగారు. "మీ తమ్ముడికి వెళ్లిన రిపోర్టు ఇదే. ముందు ఈ సందులు మూయించండి. మీరు ఒప్పుకుంటే, అయ్యేదాకా ఇక్కడే ఉండి మీ మనిషికి చూపిస్తాం."

ఆయన చాలాసేపు ఆ కాగితాలు తిరగేసి, చివరికి కుర్చీలు తెప్పించారు. నాలుగింటికి పని పూర్తయింది. కంప్లయింట్ ఇవ్వలేదు. క్షమించాననీ అనలేదు.

తిరుగు బస్సులో అడిగాను. "నన్ను తీసేస్తారా మేడమ్?"

"తీసేస్తే ఇంకో అమ్మాయికి మొదట్నుంచి చెప్పాలి." అన్నారు. "ఫోన్ చేసినాయన మంచివాడా కాదా అని చూశావు సునీతా. ఆ ఇల్లు ఎవరిదో చూడలేదు. లోపలున్నవాళ్లు ఏమైపోవాలి?"

ఇప్పుడు గుంటూరులో నా కింద కొందరు ఇదే పని చేస్తున్నారు. చిలకలూరిపేట ఆఫీసు మూసేసిన చాలాకాలానికి, కిందటేడు రూతమ్మగారు ఫోన్ చేసి వాళ్ల చర్చి సైటు చూడమన్నారు. గొంతు బాగా నీరసించింది. ఆమెను ఫైలు పెట్టమనడానికి నాకు నోరు రాలేదు.

"ఇవాళే మొదలుపెడతానండి," అన్నాను.

"ఫైలు పంపలేదేం?"

"మీరేగదా మేడమ్."

"నేనైతే? చర్చి నాదా? సంఘం వాళ్లది. పాస్టరుగారి చేత పెట్టిస్తాను, పంపు."

పంపాను. రెండు రోజులకు ఫైలు కనబడింది. ఆమెతో నేను చేసిన ఆఖరి పని అదే. క్రిస్మస్‌కు ముందు ఆమె కన్నుమూశారు.

ఈమధ్య మా తమ్ముడు కొత్తగా పెట్టిన తన సైటు చూడమన్నాడు. వాడికీ ఫైలు పంపాను.

"ఏంటక్కా, నన్ను కూడా నమ్మవా?" అన్నాడు.

"నమ్ముతానురా. పెట్టు," అన్నాను.