వదినగారికి వ్యాజస్తుతి

నవ్వకుండా వింటామంటే చెప్తాను. రెండు రోజులుండి వెళ్దామని వచ్చిన మా వదినగారు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. ఉండమన్నది నేనే, అదీ ఎత్తిపొడుద్దామనుకుని.

అసలు తప్పు మా అమ్మాయిది. అమలాపురంలో డిగ్రీ తెలుగు చదువుతోంది. మొన్నామధ్య ఓ పొద్దున్న అలంకారాలు బట్టీ పడుతోంది. "వ్యాజస్తుతి. పైకి పొగడ్త, లోపల తిట్టు. లేదా పైకి తిట్టు, లోపల పొగడ్త." కూర తరుగుతున్న నా చెయ్యి ఆగిపోయింది. మన గోదావరి వెటకారానికి ఇంత మంచి పేరుందని ఇన్నాళ్ళూ తెలీదు.

ఆ రోజే కొత్తపేట నుంచి మావారి అక్కగారు దిగేరు. నాకేమో రాజోలు వెళ్ళాలని తొందర. మా చెల్లెలు కువైట్ నుంచి సెలవు మీద అమ్మ దగ్గరికొచ్చింది. వదినగారు కదలగానే బస్సెక్కుదామని బ్యాగు కూడా సర్దేసుకున్నా.

పనసపొట్టు కూర వడ్డించాను. "ఏం కూరమ్మాయ్, మా ఇంట్లో జన్మలో ఇలా కుదరదు" అన్నారు. ఉప్పెక్కువైందా? అనుమానం పట్టుకుంది. "నీ చేతి వంటకి మా తమ్ముడు పొట్ట తగ్గి ఎంత బాగున్నాడో" అన్నారు. అంటే కడుపు మాడుస్తున్నాననేగా!

మావారిని పక్కకి పిలిచి అడిగాను. "ఏవండీ, మీ అక్కగారు పొగుడుతున్నారా, తిడుతున్నారా?"

"మా అక్కకి నీ అంత తెలివి ఎక్కడిదే" అన్నారు. ఇదీ అలంకారమేనేమో అనిపించింది.

వెళ్ళే రోజు ఆటో వచ్చింది. గుమ్మంలో నిలబడి, "నీలాంటి మరదలు అందరికీ దొరకదమ్మాయ్" అన్నారు. ఇంక నావల్ల కాలేదు. ఆవిడ విద్యే ఆవిడకి చూపిద్దామని బాగా సాగదీసి అన్నాను.

"అప్పుడే వెళ్ళిపోతారేంటండీ వదినగారూ. మీరు లేకపోతే ఇల్లు బోసిపోదూ? మీ మాటలు వినకపోతే మాకు ముద్ద దిగుద్దా?"

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "నన్ను ఇంకో నాలుగు రోజులుండమన్నదానివి నువ్వొక్కదానివేనమ్మా" అంటూ ఆటోని వెనక్కి పంపేసేరు. పాపం, పొగిడిందంతా నిజంగానే పొగిడేరన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

రాజోలు ప్రయాణం ఆగిపోయింది. వదినగారే ఫోన్ చేసి మా చెల్లెల్ని పిల్లల్తో సహా ఇక్కడికే రమ్మన్నారు. అందరికీ వంట నేనే.

మా అమ్మాయి ఊరుకోవచ్చుగా. నా మాటల్ని వ్యాజస్తుతికి ఉదాహరణగా క్లాసులో చెప్పిందట. మాస్టారు విని, "ఇందులో తిట్టెక్కడుందమ్మా? ఇది స్వభావోక్తి. మీ అమ్మగారు మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేరు" అన్నారట.