మిరప బస్తాలున్న గది

ఎండాకాలం తుఫాను. వరద సహాయానికి మమ్మల్ని చీరాలకు పడమరగా ఒక పల్లెలో దింపారు. నల్లరేగడి చేలన్నీ నీళ్ల కిందే ఉన్నాయి. మేం నలుగురం సైనికులం: సుబేదారు, రేడియో ఆపరేటరు, వైద్య సహాయకుడు, నేను. తెలుగు వచ్చింది నాకొక్కడికే. మాది సత్తెనపల్లి దగ్గర రైతు కుటుంబం. మమ్మల్ని బడి మేడ మీదికి చేర్చి, అక్కడి పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిన పడవ మళ్లీ రాలేదు.

"పడవ ఎప్పుడు?" ఆపరేటరు రేడియోలో అడిగాడు.

"వాగు తగ్గాక. రేపు. ఓవర్."

ఇరుక్కుపోయాం. కింద నీళ్లు, పైన ఒకటే గది. అందులో సగం మిరప బస్తాలు, మిగతా సగంలో మేమూ, మిగిలిపోయిన ఊరివాళ్లు కొందరూ. మబ్బు పట్టిందంటే మా వైపు చెయ్యి ముందు మిరపకాయల మీదికే పోతుంది. మనుషుల కంటే ముందు బస్తాలనే మేడ ఎక్కించారు. తలుపు వేస్తే ఘాటు, తీస్తే జల్లు. అందరూ దగ్గుతున్నారు. బస్తాలు తెచ్చిన రైతు భార్య కోటమ్మకు ఉబ్బసం. ఆమె పెదవులు నీలం తిరుగుతున్నాయి.

రేపు వచ్చే పడవకు తాడు కట్టి ఉంచాలి, తాగే నీళ్లు కాచాలి, మెట్లు బాగుచేయాలి. వెలుతురు గంట కూడా లేదు. సుబేదారు అన్నీ ఆపించాడు.

"ఏది ఆగితే ప్రాణం పోతుందో అదే ముందు. బస్తాలు నీళ్లలో వెయ్యమని చెప్పు" అన్నాడు హిందీలో.

రైతుకు చెప్పాల్సింది నేను.

"బాబాయ్, బస్తాలు పారెయ్యాలి."

"వరండాలో పెడదాంరా అబ్బాయ్."

"గాలికి ఘాటంతా మళ్లీ లోపలికే కొడతది."

"ఏడాది కష్టంరా! నువ్వూ రైతుబిడ్డవేగా, ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా?"

సుబేదారు మీద ఒళ్లు మండింది. ముఖ్యమైన పని ముందు చేసుకోవాలని ఇది వింటున్న మీరంతా సులువుగా అంటారు. ముఖ్యమైనవి రెండూ ఒకే గదిలో ఉంటే ఏం చేస్తారో చెప్పండి.

వైద్య సహాయకుడు కోటమ్మ నాడి పట్టుకుని నా వైపు తల అడ్డంగా ఊపాడు. రైతు అది చూశాడు.

"ఓ చెయ్యి వెయ్యరా" అంటూ మొదటి బస్తా తనే లేపాడు.

ఒక్కొక్కటీ వరండా పిట్టగోడ మీంచి తోసేశాం. నేలంతా తడిగుడ్డతో తుడిచాం. చీకటి పడేలోపు కోటమ్మ ఊపిరి కుదుటపడింది. నాకు ఏడుపొచ్చింది.

తెల్లారి పడవ వచ్చింది. మొదట ఆమెనే ఎక్కించాం. నీళ్లు తీశాక మేం యూనిట్‌కు వెళ్లిపోయాం. ఆ తర్వాత రిటైరై ఇంటికొచ్చేశాను.

ఒకటి మాత్రం నన్ను వదలదు. బస్తాలు పారేసిన ఆ సాయంత్రం, గది గుమ్మంలో రైతు ఒక్కడే కూర్చున్నాడు. బస్తాల్లోంచి రాలిన గుప్పెడు కాయల్ని ఒళ్లో పోసుకుని, రంగు పోయిన తాలుకాయల్ని, అమ్మకానికి ముందు చేసినట్టే, వేరుగా ఏరి పెడుతున్నాడు.