చివరి అంకె

యాభై ఆరేళ్లకి అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందంతా ఆత్రేయపురంలో పూతరేకులు తీశాను. రేకులు దొంతిగా పేర్చి, లెక్క చూసేటప్పుడు చివర వేసిన రేకు నుంచి కిందికి వస్తాం. ఆ అలవాటు పోక, పెద్ద నంబరు ఏదైనా చివర్నుంచే చదువుతాను. పంతులమ్మగారు మాన్పించలేకపోయారు.

ఇంటి స్థలానికి నా పేరున అర్జీ పెట్టాను. నాదంటూ ఒక గోడ లేని మనిషిని. రసీదు మీద పద్దెనిమిది అంకెల నంబరు, చివర నలభై ఏడు. రెండు నెలలకి ఆఫీసుకి వెళ్తే, అక్కడి గుమాస్తా కంప్యూటర్ జాబితాలో నా పేరు మీద నొక్కి, ఆ నంబరుతో అసలు అర్జీయే లేదన్నాడు. తెర మీద నంబరు చూశాను. చివర ఏడు లేదు, సున్నా ఉంది. అదే చెప్పాను.

"మామ్మగారూ, మొన్న నేర్చుకున్న అంకెలు కదండీ. ఏడూ సున్నా ఒకలాగే కనపడతాయి లెండి."

క్యూ అంతా నవ్వింది. ఆ నవ్వుని ఇంటికి మోసుకొచ్చాను.

మర్నాడు మళ్లీ వెళ్లి, మతిమరుపు ముసలిదానిలా బతిమాలి, తెర మీది నంబరు అతని చేతే కాగితం మీద రాయించుకున్నాను. నాతోపాటే అర్జీ పెట్టిన పక్కింటి వదిన రసీదు చివర నలభై మూడు. ఆవిడనీ పంపి అలాగే రాయించాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే పద్దెనిమిది అంకెలూ ఒకటే.

సోమవారం దాకా ఆగాను. ఆ రోజు ఎమ్మార్వోగారు అర్జీలు వింటారు, క్యూ నిండుగా ఉంటుంది. ఆయన ఎదురుగానే కాగితాలు, రసీదులు గుమాస్తా బల్ల మీద పరిచాను.

"ఇవి మీరు రాసినవే కదండీ. చివర్నుంచి చదవండి."

చదివాడు. సగంలో గొంతు తగ్గింది. గట్టిగా చదవమన్నాను.

"ఇద్దరు మనుషులకి ఒకటే నంబరేంటండి?"

ఎవరూ నవ్వలేదు. ఎమ్మార్వోగారు కంప్యూటర్ వాళ్లకి ఫోన్ చేశారు. అంత పొడుగు నంబరుని అంకెగా పంపితే తెర మీది పేజీ పట్టలేక చివరి అంకెలు మార్చి సర్దేస్తుందట. ఆ సర్దిన నంబరుతో వెతికితే అర్జీ ఎలా దొరుకుతుంది? అక్షరాల్లా పంపాలట. వారంలో బాగుచేశారు. మా అర్జీలు దొరికాయి.

పట్టా ఇచ్చిన రోజు గుమాస్తా పెన్ను అందించి, సారీ అండి అన్నాడు. నేను పర్లేదు అనలేదు. క్యూ చూస్తుండగా పట్టా మీది నా అర్జీ నంబరు పద్దెనిమిది అంకెలూ చివర్నుంచి, వేలు పెట్టి, పైకి చదివాను. అతని చెయ్యి పెన్నుతో అలాగే ఉంది. అప్పుడు సంతకం పెట్టాను.