చేతులు వెనక్కి పెట్టుకున్న పళ్ళ డాక్టరు

మా అక్క కొడుకుకి పోయిన వారం పళ్ళకి బ్రేసెస్ వేశారు. తీగ గుచ్చుకుంటే అద్దుకోవడానికని వాడికి మందుల షాపులో చిన్న మైనం డబ్బా కొన్నాను. కారులో కూర్చున్నాక ఊరికే మూత తీసి ఒక ముక్క గిల్లి వేళ్ళ మధ్య నలిపాను. ఆరిపోయిన కొవ్వొత్తి వాసన, చివర్లో కాస్త పుదీనా. అది మెత్తబడేలోపే నేను ఇప్పుడుంటున్న చాండ్లర్ ఊరి ఎండలోంచి, చిన్నప్పుడు మేమున్న ఫార్మింగ్టన్ హిల్స్ అపార్ట్‌మెంట్ వంటింట్లోకి వెళ్ళిపోయాను. పధ్నాలుగేళ్ళ పిల్లనై, బుగ్గ పట్టుకుని, ఏడుపు మొహంతో. ఎదురుగా శైలజ ఆంటీ. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, నడుం వంచి నా నోట్లోకి చూస్తున్నారు.

ఆంటీ వాళ్ళు మా పై అంతస్తులో ఉండేవారు. ఆవిడ హన్మకొండలో సొంత క్లినిక్ నడిపిన పళ్ళ డాక్టరు. అంకుల్‌కి ఇక్కడ కార్ల కంపెనీలో ఉద్యోగం రావడంతో డిపెండెంట్ వీసా మీద వచ్చారు. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పైగా ఇక్కడ పళ్ళ డాక్టరు కావాలంటే ఇక్కడి డెంటల్ కాలేజీలో మళ్ళీ సీటు తెచ్చుకుని, చదివి, లైసెన్స్ సంపాదించాలి. ఆ సీటు కోసమే ఆవిడ పరీక్షలు రాస్తూ ఇంటర్వ్యూ పిలుపుల కోసం కాచుక్కూర్చునేవారు. ఈలోగా మా అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్ళ పళ్ళన్నీ ఆవిడ సలహాల మీదే బతికేవి. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలప్పుడు ఒక చేత్తో పులిహోర ప్లేటు పట్టుకుని, వంటింటి లైటు కింద నోరు తెరుచుకుని నిలబడ్డ అంకుల్స్‌ని నేను ఎంతమందిని చూశానో. ఆవిడ ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పేవారు. "చూస్త, చెప్త. గంతే అన్నా. చెయ్యి మాత్రం పెట్ట. రేపు డెంటల్ ఆఫీస్‌కి కాల్ చెయ్యండి." ఇంత చదువుకున్న మనిషికి ఆ గర్వం ఏమిటని వెనకాల అనుకున్నవాళ్ళూ ఉన్నారు.

నాకు బ్రేసెస్ వేసిన రోజు పళ్ళన్నీ కూడబలుక్కుని నా మీద పగ పట్టినట్టు అనిపించింది. ఇడ్లీ కూడా నమలలేకపోయాను. ఆంటీ మెత్తటి పెసరపప్పు కిచిడీ చేసుకొచ్చి, పక్కన కూర్చుని, తినకూడనివన్నీ ఏకరువు పెట్టారు. "సకినాలు, చెక్కలు, పల్లిపట్టి బంద్. ఐసుముక్కలు నమలొద్దు. మామిడి తాండ్ర అసలే వద్దు, తీగకు పట్టుకుంటది. ఆపిల్ గూడ కొరుకొద్దు, సన్నగ కోసుకొని తిను." మరి నేనేం తిని బతకాలని ఏడుపు గొంతుతో అడిగాను. "పప్పన్నం తిను బిడ్డా, దానికేమైంది" అన్నారు.

ఆ పప్పన్నమే నా కొంప ముంచింది. తీగ పట్టి ఉంచడానికి పళ్ళకి అతికించిన బ్రాకెట్ల చుట్టూ వేసే బుల్లి రబ్బరు చుట్టలు ఏ రంగువి కావాలని అడిగితే, ఎవరికీ కనబడకూడదని రంగులేనివి వేయించుకున్నాను. రెండు రోజులు పప్పూ చారూ తినేసరికి అవి పచ్చటి పసుపు రంగుకి తిరిగాయి. స్కూల్లో ఒకమ్మాయి నా పళ్ళకి ఆవపిండి సాస్ అంటుకుందని చెప్పి, పాపం, తుడుచుకోమని నాప్‌కిన్ కూడా ఇచ్చింది. ఆ రోజు నుంచి నేను క్లాసులో చెయ్యెత్తడం మానేశాను. ఇంట్లో పసుపు లేకుండా పప్పు వండమని గొడవ చేశాను. "పసుపు లేని పప్పు పథ్యం తినేవాళ్ళకి. నీ తీగల కోసం ఇంటిల్లిపాదికీ పథ్యం పెట్టమంటావా?" అని అమ్మ కసిరింది. ఆ పంచాయితీ పై అంతస్తుకి చేరింది. ఆంటీ నవ్వలేదు. "ఈసారి ముదురు నీలం వేయించుకో. నువ్వు దాచినకొద్దీ అందరు అదే చూస్తరు" అన్నారు. భయపడుతూనే వేయించుకున్నాను. ప్రపంచం ఏమీ తలకిందులు కాలేదు. తర్వాతి నెలకి ఎరుపు బాగుంటుందని క్లాసులో ఇద్దరు సలహా ఇస్తే, నోరంతా తెరిచి నవ్వాను.

పళ్ళు తోముకునే దగ్గర కూడా ఆవిడతో పేచీయే. చిగుళ్ళలోంచి రక్తం వస్తోందని నేను ఆ చోట్లను జాలిపడి వదిలేసేదాన్ని. ఆవిడ నా చేతికి అద్దం ఇచ్చి, "నాకు చూపియ్యకు. నువ్వు చూడు. ఏం కనబడుతుందో నాకు చెప్పు" అన్నారు. బ్రాకెట్ల అంచుల్లో తెల్లగా ఏదో ఉందన్నాను. "అది పాచి. వదిలిపెడ్తే చిగుళ్ళు వాస్తయి. రేపు తీగలు తీసినంక పళ్ళ మీద తెల్లమచ్చలు మిగుల్తయి. రక్తం వచ్చే కాడనే ఇంకింత మెత్తగ, ఇంకింతసేపు తోము" అని చెప్పారు. తనే చూసి చెప్పేస్తే పోయేదానికి ఇంత తతంగం ఎందుకని నాకు విసుగొచ్చేది. ఆవిడ తన చేతులతో చేయలేనిదంతా నా చేతులకి నేర్పుతున్నారని నాకప్పుడు తట్టలేదు.

ఒక లాంగ్ వీకెండ్‌లో, ఆదివారం మధ్యాహ్నం, బుద్ధి గడ్డి తిని చెక్క కొరికాను. వెనక పంటి దగ్గర తీగ జారి బయటికొచ్చి, బుగ్గ లోపల గుచ్చుకుంది. నోరు మూసినా నొప్పే, తెరిచినా నొప్పే. నాకు తీగలు వేసిన ఆర్థోడాంటిస్ట్ ఆఫీస్ మంగళవారం దాకా మూసే ఉంటుంది. అమ్మ పైకి పరుగెత్తి ఆంటీని తీసుకొచ్చింది, టూల్‌బాక్స్‌లోంచి కటింగ్ ప్లయర్ తెచ్చి, వేడినీళ్ళతో కడిగి, ఆవిడ ముందు పెట్టింది. ఆ వచ్చే శుక్రవారమే ఆంటీకి ఒక డెంటల్ కాలేజీలో ఇంటర్వ్యూ ఉంది. ఆ పిలుపు రావడానికి ఆవిడ ఎంత ఎదురుచూశారో మా అందరికీ తెలుసు.

"చిన్న ముక్క, శైలజా. నువ్వు కత్తిరించేస్తే పిల్ల అన్నం తింటుంది" అంది అమ్మ.

"నేను ముట్టుకోనక్కా."

"ఇక్కడెవరు చూస్తారు? తలుపు వేసే ఉందిగా."

"నేను చూస్త కదా అక్కా. చేసుడు నాకు క్షణం పని. కానీ ఇక్కడ నాకు లైసెన్స్ లేదు. రేపు ఇంటర్వ్యూల వాళ్ళు నన్ను, ఈ దేశంల ఎవరికన్నా వైద్యం చేసినవా అని అడిగితే, లేదని వాళ్ళ మొఖం చూసి చెప్పాలె. అబద్ధమైతే నాతోని కాదు."

అమ్మ మొహం మాడిపోయింది. "నీ పిల్లైతే ఇట్లాగే నిలబడి చూస్తావా?" అంది. ఆంటీకి పిల్లలు లేరు. అమ్మ నాలుక కరుచుకుంది, కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది. ఆంటీ నా వైపు తిరిగారు. "నువ్వు పెన్సిల్ తే. వెనక రబ్బరున్నది. రబ్బరు మంచిగ కడుగు. అక్కా, నువ్వు వాళ్ళ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చెయ్యి."

నన్ను కిటికీ దగ్గర అద్దం ముందు కూర్చోబెట్టి, తను పక్కన వంగారు. చేతులు ఎప్పటిలాగే వెనక్కి. "బుగ్గ పక్కకి లాగు. ఇంకొంచెం. తీగ కొస కనబడ్డదా? రబ్బరుతోని దాన్ని పంటి దిక్కు మెల్లగ ఒత్తు. భయపడకు, నేనున్న." రబ్బరు రెండుసార్లు జారింది. నేను ఏడ్చాను. ఆవిడ గొంతు ఎక్కడా తొందరపడలేదు. చివరికి తీగ వంగింది. తీగ మీద తడి ఎలా తుడవాలో, మైనం ఎంత తీసుకోవాలో, ఎక్కడ నొక్కాలో చెప్పారు, నేను చేశాను. నొప్పి తగ్గింది. ఫోన్‌లో డాక్టరు కూడా అదే చెప్పి, మంగళవారం పొద్దున్నే రమ్మన్నాడని అమ్మ అంది. ఆ తర్వాత స్టవ్ దగ్గరికెళ్ళి టీ పెట్టింది. కప్పు అందిస్తూ ఆంటీ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఫోన్ పట్టుకుని వెనకాల నిలబడ్డ అమ్మకి నాకు కనబడనిది కనబడింది. మర్నాడు చెప్పింది. నేను అద్దంలో చూసుకుంటూ తీగ ఒత్తుతున్నంతసేపూ, ఆంటీ వెనక్కి పెట్టుకున్న చేతులు ఊరుకోలేదట. బుగ్గ లాగమన్నప్పుడు ఎడమచేతి వేళ్ళు లాగాయట. ఒత్తమన్నప్పుడు కుడిచేతి బొటనవేలు గాలిలో ఒత్తిందట. "పని మర్చిపోకుండా చేతుల్ని బతికించుకుంటోందే" అంది అమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుని.

ఆ శుక్రవారం ఇంటర్వ్యూలో ఆవిడకి సీటు రాలేదు. నాకైతే దేవుడి మీదే కోపమొచ్చింది. ఆవిడ మాత్రం ఎప్పటిలా చపాతీలు చేసుకుని, మళ్ళీ పుస్తకాలు ముందేసుకున్నారు. మరుసటి ఏడు వేరే రాష్ట్రంలో సీటొచ్చింది. వీసా మార్చుకుని వెళ్ళిపోయారు.

నేను యూనివర్సిటీలో చేరాక ఒకరోజు ఫోన్ చేశారు. "మా కాలేజీ క్లినిక్‌ల పేషెంట్లు కావాలె. చెకప్‌కి వస్తవా బిడ్డా?" అంత దూరమూ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. తెల్లకోటు వేసుకుని, జుట్టు అక్కడక్కడ నెరిసి, తనకన్నా ఎంతో చిన్నవాళ్ళైన క్లాస్‌మేట్ల మధ్య నిలబడి ఉన్నారు. పక్కనే ప్రొఫెసర్. ఆవిడ చేతులు కడుక్కున్నారు, గ్లవ్స్ వేసుకున్నారు. నా నోరు నేను ఆవిడ ముందు ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. మొదటిసారి ఆవిడ చెయ్యి నా గడ్డం కిందకి వచ్చి, తల కొంచెం పైకెత్తింది. ఏ తడబాటూ లేని చెయ్యి. కింది పళ్ళ దగ్గరికి రాగానే ఆగి, "తీగలు తీసినంక ఇచ్చిన రిటైనర్ రాత్రిపూట పెట్టుకుంటలేవు కదా? పళ్ళు మళ్ళీ జరిగినయి" అని తెలుగులోనే తిట్టారు. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "నొస్తుందా?" అని కంగారుపడ్డారు. నోట్లో ఆవిడ వేళ్ళున్నాయి కాబట్టి మాట్లాడలేక, లేదని తల ఊపాను.

శైలజ ఆంటీ అంటే నాకు ఎంత ఇష్టమో ఆవిడకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇదంతా రాస్తున్నాను. నా ఉద్యోగంలో కూడా అడ్డదారులుంటాయి. ఎవరూ చూడరు, క్షణం పని, అందరూ చేసేదే. అలాంటప్పుడు నా గడ్డం కింద ఒక చెయ్యి తగిలి, మెల్లగా తల పైకెత్తినట్టుంటుంది. నేను ఆగిపోతాను.